ఒంటరిగా వచ్చిన పిల్ల

(పదకొండవ వారం)

“టీసీ ఎందుకు తెచ్చావమ్మా?”

నాలుగు రోజుల్లో ఊర్మిళ ఈ ప్రశ్న ఎన్నిసార్లు అడిగిందో లెక్కపెట్టే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అడిగిన ప్రతిసారీ ఆమె తల్లి వెంకటరమణమ్మ సోఫాలో ఇంకాస్త ముడుచుకుని కూర్చుంటోంది. శనివారం ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చిన హ్యాండ్‌బ్యాగు బుధవారం ఉదయానికి కూడా ఆవిడ ఒళ్ళోనే ఉంది. అందులో మనవరాలి దువ్వెన, రెండు రిబ్బన్లు, కొబ్బరినూనె సీసా ఉన్నాయి. మనవరాలు మాత్రం గంటన్నర దూరంలో, ముక్కూమొహం తెలియని వాళ్ళ మధ్య ఉంది.

“పలకవేం? సెలవులకి చూసిపోవడానికొచ్చే పిల్ల స్కూల్లో పేరు కొట్టించుకుని వస్తుందా? ఎవడు నమ్ముతాడు? పోనీ తెచ్చావు, కారణం దగ్గర ఏం రాశారో చదివించుకోవా?”

అసలు టీసీ సరిహద్దు పోలీసుల దగ్గర ఉండిపోయింది. దాని జిరాక్సు డైనింగ్ టేబుల్ మీద, నిన్నటి ఇడ్లీ గిన్నె పక్కన పడి ఉంది. బడి విడిచి వెళ్ళడానికి కారణం అన్న గడిలో విజయవాడ స్కూలు గుమాస్తా గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలతో రాశాడు: తల్లిదండ్రులు జర్మనీలో స్థిరపడినందున. ఆ గుమాస్తాను మాత్రం ఏమనగలం? వీధంతా అనుకునేదే అతను రాశాడు.

వీసా కాగితాలు చెప్పేది వేరు. వాటి ప్రకారం ఎనిమిదేళ్ళ అనూహ్యకు తల్లి సంయుక్త, తండ్రి శ్రీహర్ష, ఊరు విజయవాడ. పిల్ల అమ్మమ్మతో కలిసి నలభై అయిదు రోజుల కోసం వోల్ఫ్స్‌బర్గ్‌లో ఉన్న పెద్దమ్మ ఊర్మిళను చూడటానికి వస్తోంది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇక్కడి ఎయిర్‌పోర్టు కౌంటర్లో ఆఫీసరు కూడా స్టాంపు చేతిలోకి తీసుకున్నాడు. కొట్టేముందు ఊరికే, నవ్వుతూ, ఎవరి దగ్గరికి వెళ్తున్నావు పాపా అని ఇంగ్లీషులో అడిగాడు. అనూహ్యకు ఇంగ్లీషు బాగా వచ్చు. మా అమ్మ దగ్గరికి అంది. అమ్మ ఎక్కడుంది అన్నాడు. బయట నాన్నతో నిలబడి ఉంది అంది.

ఆ తర్వాత బ్యాగు తెరిచారు. టీసీ బయటపడింది. పిల్లను వాళ్ళు తీసుకెళ్ళిపోయారు.

పిల్ల అబద్ధమాడలేదు మరి. కన్నది సంయుక్తే. అప్పటికే ఆమెకు ఇద్దరు. అక్క ఊర్మిళకు పెళ్ళయి పదేళ్ళయినా లేరు. బారసాల నాడు చెల్లెలు తన పదకొండు రోజుల పిల్లను తీసుకొచ్చి అక్క ఒడిలో పెట్టింది. కొత్త చీర, పసుపు కుంకుమ, నూట యాభై మందికి భోజనాలు, అన్నీ జరిగాయి. వీడియో కూడా ఉంది. రాసుకున్న కాగితం ఒక్కటే లేదు.

“రిజిస్టర్ చేయిద్దామని నేనారోజే అన్నాను,” అన్నాడు ఊర్మిళ భర్త రవీంద్రనాథ్, కాఫీ కప్పు అత్తగారి ముందు పెడుతూ. “అక్కచెల్లెళ్ళ మధ్య కాగితాలేంటి బాబూ, నలుగురూ నవ్విపోతారు అన్నారు మీరు.”

“ఇప్పుడు నలుగురూ ఏం చేస్తున్నారట?” అంది ఊర్మిళ. “నాలుగు దేశాలు నవ్వుతున్నాయి.”

నవ్వకపోయినా సలహాలిస్తున్న వాళ్ళకు కొదవ లేదు. వోల్ఫ్స్‌బర్గ్ తెలుగు కుటుంబం అనే వాట్సాప్ గ్రూపులో రెండు వందల పద్నాలుగు మంది ఉన్నారు. పక్క బిల్డింగు సాయికృష్ణ తన మేనేజర్ని అడిగి చెబుతానన్నాడు. ఒకావిడ హానోవర్‌లో మంచి లాయరు ఉన్నాడని రాసింది, టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, మాత్రం మూడు వారాల తర్వాతేనట. ఇంకొకాయన సుందరకాండ పారాయణం పంపాడు. చేతులు జోడించిన బొమ్మలు అరవై దాకా వచ్చాయి. ఊర్మిళ నిన్న రాత్రే ఆ గ్రూపు నోరు మూసేసింది.

లాయరు అయితే దొరికింది, ఫోన్లో. పిల్లల సంరక్షణ చూసే ఆఫీసు, ఇక్కడందరూ యూగెండ్‌ఆమ్ట్ అంటారు, పంపిన కాగితాన్ని ఆవిడ చదివి చెప్పింది. ఉన్నవి నాలుగే వాక్యాలు. నేను ఈ పిల్లకు పెద్దమ్మను మాత్రమే. దత్తత ఏదీ జరగలేదు. ఈమె మీద నాకు ఏ హక్కూ లేదు. శుక్రవారం విమానంలో అమ్మమ్మతో తిరిగి వెళ్ళడానికి నాకు అభ్యంతరం లేదు.

“సంతకం పెడితే ఈ రోజే పిల్లను మీ అమ్మగారి చేతికిస్తారు,” అని రవీంద్రనాథ్ లాయరు మాటల్ని మళ్ళీ అప్పజెప్పాడు. “కానీ రేపు మనం దత్తత కేసు వేస్తే, జరగలేదని మీరే రాసిచ్చారుగా అంటారు. ఇక అది మన దగ్గరికి రావడం కల. పెట్టకపోతే విషయం కోర్టుకెళ్తుంది. నాలుగు నెలలో, ఆరో. అప్పటిదాకా అది అక్కడే.”

“నాకు తెలుగొచ్చండీ. అర్థమైంది.”

“నేనేమన్నానని?”

“ఏమనకపోవడమే మీతో వచ్చిన చిక్కు. పెట్టమనరు, వద్దనరు. కాఫీలు కలుపుతారు.”

రవీంద్రనాథ్ సింకు దగ్గరికి వెళ్ళి కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగాడు.

“ఇంకో మాట కూడా చెప్పిందిగా లాయరు,” అంది ఊర్మిళ తల్లి వైపు తిరిగి. “విను అమ్మా. మధ్యాహ్నం మూడింటికి పిల్లని చూపిస్తారు. అక్కడ దానికి ఏమీ నేర్పొద్దు, ఇలా అను అలా అను అనొద్దు. నేర్పించామని అనుమానమొచ్చిందా, పిల్లల్ని ఎత్తుకొచ్చి అమ్ముకునే వాళ్ళ ఫైల్లో మన ఫైలూ కలుస్తుంది.”

నాలుగు రోజుల మౌనం తర్వాత వెంకటరమణమ్మ నోరు విప్పింది.

“నేర్పకుండా ఎట్టా వచ్చాననుకున్నావే? ఇస్తాంబుల్ దాకా ఎక్కాలు అప్పజెప్పించినట్టు అప్పజెప్పించా. ఊర్మిళ నీకేమవుద్ది? పెద్దమ్మ. రవీంద్రనాథ్ ఏమవుతాడు? పెద్దనాన్న. పదిసార్లు చెప్పింది బంగారుతల్లి. తీరా అక్కడ ఆయన నవ్వేసరికి మర్చిపోయింది.”

“అమ్మా!”

“అత్తయ్యగారూ!”

“ఈ మాట అక్కడ పొరపాటున కూడా అనకు,” అంది ఊర్మిళ రెండు చేతులూ తల మీద పెట్టుకుని. “దేవుడా, ఇంతమందిలో నాకే ఇలాంటి వాళ్ళెందుకు? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అంత నేర్పినదానివి ఆ టీసీ ఇంట్లో పెట్టి రాకూడదూ? ఎందుకు తెచ్చావు? ఎవరు తెమ్మన్నారు నిన్ను?”

వెంకటరమణమ్మ మళ్ళీ బ్యాగు గొలుసు వైపు చూసుకుంది.

“నేను,” అన్నాడు రవీంద్రనాథ్.

నీళ్ళ పంపు పారుతూనే ఉంది.

“టీసీ నేనే తెమ్మన్నాను. మన వీధి చివర స్కూల్లో అడిగాను, మూడో క్లాసులో ఖాళీ ఉందన్నారు. పిల్లంటూ వచ్చాక ఏదో ఒక దారి దొరక్కపోతుందా అనుకున్నా. ఎందుకైనా మంచిది, తీసుకురండి అత్తయ్యగారూ అన్నా.”

ఊర్మిళ భర్తను చూసింది. తర్వాత తల్లిని చూసింది.

“నాలుగు రోజుల నుంచి నిన్ను తిడుతున్నాను కదమ్మా. చెప్పొచ్చుగా?”

“అల్లుడి పేరు చెప్పి మీ ఇద్దరికీ తగువు పెట్టమంటావా? నన్నంటే పడతాను. అలవాటేగా.”

కోపం కూడా ఎక్కడో ఒకచోటికి చేరాలి. ఊర్మిళ కోపానికి ఆ క్షణంలో చేరే చోటు లేకుండా పోయింది. ఆ స్కూలు ముందు నుంచి తనూ ఎన్నోసార్లు నడిచింది. కంచె అవతల ఆడుకునే పిల్లల్ని చూస్తూ, అందులో అనూహ్య ఎక్కడ నిలబడుతుందో ఊహించుకుంది. అడిగే ధైర్యం తనకు లేదు, భర్త అడిగాడు. అంతకంటే తేడా లేదు.

పంపు కట్టేసింది. గోరుచుట్టు మీద రోకలిపోటులా అప్పుడే ఫోను మోగింది. విజయవాడ నుంచి సంయుక్త.

“పెట్టావా అక్కా సంతకం?”

“ఇంకా లేదు. మూడింటికి టెర్మిన్.”

“పెడతావుగా?”

ఊర్మిళ టేబుల్ మీది టీసీ జిరాక్సును బోర్లా తిప్పింది.

“అక్కా, వింటున్నావా? నోటరీ ముందు నేనూ ఆయనా అఫిడవిట్ రాసి పంపించాం. మీ ఆఫీసు వాళ్ళకి చేరింది కూడానట. నువ్వొక్కదానివి పెడితే అయిపోద్ది. అది అక్కడ ఏం తింటుందో, ఎవరి పక్కన పడుకుంటుందో. నువ్వు దాని గురించి ఆలోచిస్తున్నావా, నీ గురించా?”

“నువ్వా నన్నడిగేది?”

“నేనే అడగాలి. కాగితాల్లో తల్లిని నేనేగా!”

“కాగితాల్లో!” ఊర్మిళ గొంతు పైకి లేచింది. “ఎనిమిదేళ్ళలో దానికి ఎన్నిసార్లు జ్వరమొచ్చిందో తెలుసా నీకు? ఈ ఉద్యోగం కోసం నేనిటొచ్చిన మూడేళ్ళలో ఒక్క సాయంత్రం వీడియో కాల్ మానలేదు. నువ్వు అదే ఊళ్ళో ఉండి, అమ్మ దగ్గరున్న దాన్ని చూడ్డానికి వారానికోసారి వెళ్ళేదానివి.”

“ఎక్కువసార్లు వెళ్ళొద్దంది అమ్మ. పిల్లకి తికమక అవుద్దని. అడుగు, అక్కడే ఉందిగా.”

వెంకటరమణమ్మ తల ఎత్తలేదు. ఫోను స్పీకర్లో విజయవాడ వీధిలో ఎవరిదో స్కూటర్ హారన్ వినబడింది.

“నా కూతురు, నా కూతురు అని ఆ అఫిడవిట్లో అయిదుచోట్ల రాయాల్సొచ్చింది అక్కా,” అంది సంయుక్త, ఈసారి నెమ్మదిగా. “నీకిచ్చేశాక ఆ మాట ఎప్పుడూ అనలేదు నేను. అది నన్ను పిన్నీ అంటది. ఎనిమిదేళ్ళుగా పలుకుతూనే ఉన్నా. నువ్వు ఒక్క సంతకం పెట్టలేవా?”

ఊర్మిళ జవాబు చెప్పేలోగా ఫోను కట్ అయింది. సంయుక్తే పెట్టేసిందో, లైను పోయిందో తెలియలేదు. మళ్ళీ ఎవరూ చెయ్యలేదు.

ఒంటిగంటకి ముగ్గురూ కారెక్కారు. రోడ్డు పనుల వల్ల ఒకచోట ఇరవై నిమిషాలు ఆగిపోయారు. ముందు కారులో వెనక సీటు పిల్లలిద్దరు అద్దంలోంచి వెంకటరమణమ్మకు చేతులూపారు. ఆవిడ కూడా ఊపింది.

“దాని జడ ఎవరు వేస్తున్నారో,” అంది కాసేపటికి. “నడుము దాకా జుట్టు. చిక్కు పడితే ఊరుకోదు, ఏడుస్తది.”

“అమ్మా, ప్లీజ్.”

“నేనేమన్నానే? జడ గురించి కూడా అనకూడదా?”

“పెడతాను సంతకం,” అంది ఊర్మిళ, ఎవరూ అడగకుండానే. “ఇంక నన్నెవరూ ఏమీ అడగొద్దు.”

రవీంద్రనాథ్ గేరు మీద నుంచి చెయ్యి తీసి ఆమె చేతి మీద పెట్టబోయాడు. ముందు కారు కదిలింది. చెయ్యి మళ్ళీ గేరు మీదికే వెళ్ళింది.

అనూహ్యను ఉంచిన పిల్లల ఇల్లు చూడటానికి బాగానే ఉంది. పసుపు గోడలు, వెనక ఉయ్యాల. లోపల నడవాలో వరసగా కొక్కేలు, ఒక్కో కొక్కెం పైన ఒక పిల్ల పేరు, ఒక జంతువు బొమ్మ. అయిదో దాని మీద గుడ్లగూబ బొమ్మ కింద అనూహ్య పేరు రాసి ఉంది. కింద ఎర్రటి చెప్పులు, ఇంట్లో వేసుకునేవి, కొత్తవి. నాలుగు రోజుల్లో తన పిల్లకు ఇక్కడ కొక్కెం కూడా ఇచ్చేశారు. ఊర్మిళకు ఆ గుడ్లగూబను పీకి అవతల పారేయాలనిపించింది.

గదిలో ఫ్రావ్ బేరెన్స్ లేచి నిలబడి చెయ్యి కలిపింది. ఈ ఫైలు చూస్తున్న యూగెండ్‌ఆమ్ట్ అధికారి ఆవిడే; ఫ్రావ్ అంటే మన శ్రీమతి లాంటిదే. యాభై దాటి ఉంటాయి. టీ తాగుతారా అంది, ప్రయాణం ఎలా జరిగింది అంది. అరిచి పోట్లాడదామని వచ్చిన వాళ్ళకు ఎదుటి మనిషి మర్యాదగా ఉండటాన్ని మించిన నరకం లేదు.

ఆవిడ పక్కన ఒక తెలుగమ్మాయి కూర్చుని ఉంది. మొదటి రోజు, ఇండియా వాళ్ళే కదా అని హిందీ అనువాదకుణ్ణి పిలిపించారు. ఆయన అడిగిన ప్రతిదానికీ అనూహ్య, హిందీ మాకు సెకండ్ లాంగ్వేజ్ కూడా కాదు అని ఇంగ్లీషులో చెప్పిందట. అందుకని ఈసారి బ్రెమెన్‌లో మాస్టర్స్ చదివే నవ్యశ్రీని రప్పించారు.

“నమస్తే అక్కా. మాది కరీంనగర్,” అంది నవ్యశ్రీ గొంతు తగ్గించి. “ముందే చెప్తున్న, ఏమనుకోకుండ్రి. నేను ప్రమాణం జేసి కూసున్న. మీరు తెలుగుల ఏం మాట్లాడుకున్నా ఒక్క ముక్క గూడ ఇడిశిపెట్టకుండ మేడమ్‌కు చెప్పాలె. పాపకు ఇంగ్లీష్ వస్తది గని, పిల్లలతోని వాళ్ళ భాషలనే మాట్లాడాల్నని వీళ్ళ రూలు.”

“పర్వాలేదమ్మా,” అంది ఊర్మిళ. నవ్యశ్రీ అది కూడా జర్మన్లో చెప్పింది.

ఫ్రావ్ బేరెన్స్ కాగితం టేబుల్ మీద పెట్టి నెమ్మదిగా మాట్లాడింది. నవ్యశ్రీ ఒక్కొక్క వాక్యం తెలుగులోకి తెచ్చింది. “మిమ్ములను నేరం జేశిండ్రని అంటలేరట. సట్టం గట్ల ఉన్నదట. తల్లిదండ్రులు గాకుంట, కోర్టు కాగితం లేకుంట వేరే ఎవలతోనన్న సరిహద్దుకు ఒచ్చిన పిల్ల, సట్టం లెక్కల ఒంటరిగ ఒచ్చిన పిల్లేనట. ఒంటరిగ ఒచ్చిన పిల్లను తప్పకుంట వీళ్ళే తీస్కోవాల్నట.”

“ఒంటరా?” వెంకటరమణమ్మ సోఫా అంచుకు జరిగింది. “నా చెయ్యి పట్టుకునే ఉందమ్మా అది! ఇద్దరు పోలీసమ్మలు విడదీశారు దాని వేళ్ళు. ఇదిగో, చిటికెన వేలు ఇప్పటికీ నొప్పే. ఒంటరి అంటుందేంటీవిడ? చెప్పు ఆవిడకి.”

నవ్యశ్రీ చెప్పింది. ఫ్రావ్ బేరెన్స్ ఆ వేలిని చూసింది. చట్టం చేతులు చూడదని, కాగితాలు చూస్తుందని, అది పిల్లల్ని అమ్మేవాళ్ళ నుంచి కాపాడటానికి చేసిందని, ఇలాంటి కుటుంబాల్ని ఊహించి చేసింది కాదని చెప్పింది.

“ఊహించాల్సింది,” అంది ఊర్మిళ తనే జర్మన్లో. ఆమెకు వచ్చిన జర్మన్‌లో అంతకంటే కటువైన మాట లేదు.

ఫ్రావ్ బేరెన్స్ తల ఊపింది. కోపం తెచ్చుకోలేదు. ఊర్మిళ పెన్ను మూత తీసింది.

“తొందరేం లేదట అక్కా,” అంది నవ్యశ్రీ. “పాపను పిలుస్తరట. ఇక్కడున్నోళ్ళంత ఎవలో దాని నోటితోని చెప్పిస్తే సాలట. కాగితం, మాట ఒక్కటైతే మీరు సంతకం జేసి ఇయ్యాల్నే తీస్కపోవచ్చట.”

తలుపు తెరుచుకుంది.

అనూహ్య జుట్టును ఎవరో రెండు పాయలుగా అల్లి తల చుట్టూ కిరీటంలా చుట్టారు. వేరే ఎవరి పిల్లో అనిపించింది ఒక్క క్షణం. ఊర్మిళ కుర్చీలోంచి సగం లేచింది. ఎయిర్‌పోర్టులో గాజు తలుపు అవతల నుంచి చూడటమే తప్ప, మూడేళ్ళ తర్వాత పిల్లను దగ్గరగా చూడటం ఇదే. పరిగెత్తుకుంటూ వస్తుందని చేతులు వాటంతట అవే ముందుకు సాగాయి.

అనూహ్య పరిగెత్తుకు రాలేదు. గుమ్మం దగ్గరే ఆగి, స్కూల్లో పద్యం చెప్పే పిల్లలా చేతులు కట్టుకుని నిటారుగా నిలబడింది.

“నమస్తే పెద్దమ్మా. నమస్తే పెద్దనాన్నా.”

నవ్యశ్రీ తర్జుమా చేసింది. ఫ్రావ్ బేరెన్స్ మొహం తేలికపడింది. ఫైల్లో ఏదో రాసుకుంది. కాగితానికి కావలసింది కాగితానికి దొరికింది. ఊర్మిళ మాత్రం చాచిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉంచింది. పొద్దున ఫోన్లో చెల్లెలు, పలుకుతూనే ఉన్నా, అంది. పలకడం ఇంత కష్టమని ఈ ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా తను అనుకుందా?

“రామ్మా,” అంది ఎలాగో.

అనూహ్య కదల్లేదు. అమ్మమ్మ వైపు తిరిగింది. నాలుగు రోజులుగా దాచుకున్న ప్రశ్న ఇక ఆగలేదు.

“అమ్మమ్మా, ఈసారి తప్పు లేకుండా చెప్పాగా? ఇంక ఇంటికెళ్దామా?”

నవ్యశ్రీ నోరు తెరిచింది. ఊర్మిళ వైపు చూసింది. ఊర్మిళ ఒక్కసారి తల అడ్డంగా ఊపితే చాలు, ఆ మొదటి వాక్యాన్ని మింగేసేలా ఉంది నవ్యశ్రీ చూపు. రవీంద్రనాథ్ నేల చూపులు చూస్తున్నాడు. వెంకటరమణమ్మ బ్యాగును గుండెకు అదుముకుంది.

ఏమంటోంది పాప, అని ఫ్రావ్ బేరెన్స్ అడిగింది. నవ్యశ్రీ ఇంకా పలకలేదు.

ఫ్రావ్ బేరెన్స్ ఆ అమ్మాయిని చూసింది, ఊర్మిళను చూసింది. తర్వాత కుర్చీలోంచి లేచి వెళ్ళి అనూహ్య ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. రూలు పక్కన పెట్టి, నవ్వుతూ, ఇంగ్లీషులో అడిగింది.

“అమ్మమ్మతో ఏమన్నావు అనూహ్యా?”

ఇలా నవ్వుతూ ఇంగ్లీషులో అడిగిన మనిషికి జవాబు చెబితే ఏమవుతుందో అనూహ్యకు ఇప్పుడు తెలుసు. పెదాలు గట్టిగా బిగించింది. అమ్మమ్మ వైపు చూడలేదు. ఊర్మిళ వైపు తిరిగి, పిలవడానికి నోరు తెరిచి, ఏమని పిలవాలో తేల్చుకోలేక, ఏ పిలుపూ లేకుండానే అడిగింది.

“ఏం చెప్పను?”

ఈ మాటను మాత్రం నవ్యశ్రీ జర్మన్లో చెప్పేసింది. చెప్పి, తల దించుకుంది.

ఫ్రావ్ బేరెన్స్ నెమ్మదిగా లేచింది. టేబుల్ దగ్గరికి వచ్చి, పెన్ను పట్టుకున్న ఊర్మిళ చేతి కింద నుంచి, ఇంకా సంతకం పడని ఆ కాగితాన్ని తన వైపుకు లాక్కుంది.